గట్టిమేళం దగ్గర ఆగిన సన్నాయి

కాలేషాకు కొట్లాటలంటే ఏమిటో తెలియదు. అరవై దాటిన ఈ వయసు వరకూ అతను ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఎత్తడానికి చేతులు ఖాళీగా ఉంటే కదా, రెండూ ఎప్పుడూ సన్నాయి మీదే ఉండేవి. సినిమాకు వెళ్ళినా అంతే. చివర్లో హీరో, విలనూ కలబడే వేళకు లేచి బయటికొచ్చి సోడా తాగేవాడు. ఆట వదిలాక భార్య సైదాబీని వెంటబెట్టుకుని ఇంటిదారి పట్టేవాడు. "ఎవరు గెలిచారు?" అని దారిలో అడిగేవాడు. "విలనే గెలిచాడు. రేపట్నించి పోస్టర్ల మీద వాడి బొమ్మే వేస్తారంట" అనేది సైదాబీ.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ మొన్న వేసవిలో రోహిత్ అనే యువకుడు బాపట్ల నుంచి తెనాలి మారీసుపేటకు వచ్చాడు. గడ్డం పెంచి, మెడలో పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. వీడియో గేములకు సంగీతం కట్టడం అతని ఉద్యోగం. కంపెనీ హైదరాబాదులో ఉన్నా పని మాత్రం బాపట్లలో సొంత మేడ మీద గదిలోనే చేసుకుంటాడట. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "మాస్టారూ, చివరి యుద్ధానికి మీ సన్నాయి కావాలండి" అన్నాడు.

కాలేషా సైదాబీ వైపు చూశాడు. ఆవిడ వచ్చినవాడి వైపు చూసింది.

"యుద్ధం ఎవరితో నాయనా?"

"బాస్‌తోనండి. చివరి బాస్‌తో."

"ఏం, జీతాలివ్వట్లేదా?"

రోహిత్ నవ్వలేదు, పాపం, మర్యాద తెలిసినవాడు. ఫోన్ తీసి చూపించాడు. తెర మీద నల్లటి సముద్రం. అందులోంచి తాడిచెట్టంత రాక్షసి లేస్తోంది. దానికి ఎదురుగా, వల భుజాన వేసుకుని, చేతిలో కత్తితో ఒక జాలరి పిల్ల నిలబడి ఉంది. రామాపురం బీచిలో కూర్చుని ఊహించుకున్న కథట అది. ఆట మొత్తం ఆడుకుంటూ వస్తే ఆఖర్న ఎదురయ్యే ఆ రాక్షసినే బాస్ అంటారట.

"ఎవరు గెలుస్తారు?" అని అలవాటుగా అడిగాడు కాలేషా.

"ఆడేవాళ్ళని బట్టి ఉంటుందండి. కొందరు మొదటిసారే గెలుస్తారు. కొందరు రోజుల తరబడి ఓడిపోతూనే ఉంటారు."

"అన్నాళ్ళూ సన్నాయి?"

"మోగుతూనే ఉంటుందండి. చివర వచ్చి మొదటికి కలిసిపోవాలి. ఎక్కడ అయిపోయిందో తెలియకూడదు."

కాలేషా తల గోక్కున్నాడు. అతని తాత ముత్తాతలు కొలకలూరు నుంచి వచ్చారు. పొద్దున్నే నమాజు ఎంత ముఖ్యమో గుళ్ళో మేలుకొలుపు వాయించడం కూడా అంతే ముఖ్యం ఆ ఇంట్లో. పెళ్ళికి వాయించినా, దేవుడి ఊరేగింపుకు వాయించినా, ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో చిన్నప్పుడే తండ్రి చెవి మెలేసి నేర్పాడు. ముగింపు లేని వాయింపు ఒకటి ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

మచ్చుకు కొన్ని వినిపిస్తానని రోహిత్ ఫోన్‌లో ఒక్కొక్కటీ మోగించాడు. మొదటిది ఏదో సినిమాలో చివరి ఫైటు. డప్పులు, వయొలిన్లు, వందమంది కలిసి అరుస్తున్నట్టు కేకలు. తను సోడా తాగుతూ పోగొట్టుకున్నది ఇదేనా అనుకున్నాడు కాలేషా, పెద్దగా బాధపడలేదు. తర్వాత జపాను బొమ్మల కథలోంచి ఒకటి పెట్టాడు. ఇద్దరు కుర్రాళ్ళు వానలో ఒకరినొకరు చావగొట్టుకుంటున్నారు. వెనక పియానో మాత్రం మెల్లగా, ఎవరో పోయిన ఇంట్లో మాటల్లా వినిపిస్తోంది.

"కొట్టుకుంటుంటే ఈ ఏడుపు పాటేంటి నాయనా?"

"వాళ్ళిద్దరూ చిన్నప్పట్నించీ స్నేహితులండి."

కాలేషా ఆ ఫోన్ను కాస్త పక్కకు నెట్టాడు. 

అప్పుడు రోహిత్, "నాకు కావాల్సింది ఇవేవీ కాదండి. ఇదీ" అని పాత వీడియో ఒకటి తెరిచాడు. తెనాలిలో రథోత్సవం, ఎవరో గుంపులోంచి తీసింది. మధ్యలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు రెచ్చగొట్టుకుంటున్నారు. ఒకడు సన్నాయితో ఒక ముక్క విసురుతాడు, రెండోవాడు డోలుతో దాన్ని ముక్కలు చేసి తిరిగి వీడి మీదకే కొడతాడు. ఇద్దరి చొక్కాలూ చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయాయి. ఇద్దరూ నవ్వుతున్నారు.

వంటగదిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. సైదాబీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సన్నాయి మనిషి కాలేషాయే. ఆ డోలు మనిషి దాసు. రేపల్లె దాసు. ఆ ఇంట్లో అతని పేరు వినపడి ఏళ్ళయింది.

"ఈయన డోలు అయిపోయిందండి" అన్నాడు రోహిత్. "రేపల్లెలో వాళ్ళింటికే వెళ్ళి రికార్డు చేసేశాను. దాని మీద మీ సన్నాయి ఒక్కటే మిగిలింది."

"నేను వాయిస్తానని వాడికి తెలుసా?"

"తెలుసండి. నడుం నెప్పి, బాపట్ల దాకా రాలేనన్నారు."

దాసుకు నడుం నెప్పంటే కాలేషా నమ్మలేదు. మెడలో అంత బరువు డోలు వేలాడేసుకుని ఊరంతా తిరిగొచ్చి, పందిట్లో మళ్ళీ నిలబడి వాయించే మనిషి వాడు. కానీ అబద్ధమని అనడానికీ నోరు రాలేదు. కక్కలేక మింగలేక, "సరే, వస్తాను" అన్నాడు. యుద్ధం కోసం కాదు. రాక్షసి చస్తే ఎంత, బతికితే ఎంత. దాసు డోలు ఇంకొక్కసారి వినాలనిపించింది, అంతే.

అసలు సంగతి చెప్పాలంటే జ్యోతిర్మయి పెళ్ళి దగ్గరికి వెళ్ళాలి.

జ్యోతిర్మయి దాసు ఒక్కగానొక్క కూతురు. తల్లి లేని పిల్ల. కాలేషాను పెదనాన్నా అని పిలుస్తూ, ఈ ఇద్దరి వాయిద్యాల మధ్యే పెరిగింది. రేపల్లెలో ఆ పిల్ల పెళ్ళికి దాసు పెళ్ళికూతురి తండ్రిగా పీటల దగ్గర ఉండాలి కాబట్టి, డోలుకు వేరే మనిషిని పెట్టుకుని కాలేషా వాయించాడు. తాళి కట్టే వేళకు గట్టిమేళం వెయ్యాలి. ఆ కాసేపట్లో ఏ తుమ్మూ, ఏ ఏడుపూ, ఎవరి నోటి చెడ్డ మాటా పెళ్ళికూతురి చెవిన పడకూడదని డోలూ సన్నాయీ ఉన్న బలమంతా పెట్టి హోరెత్తిస్తాయి. పంతులుగారు చెయ్యెత్తగానే మొదలు, మూడోముడి పడి ఆయన చెయ్యి దించితేనే ఆపడం. మధ్యలో మిన్ను విరిగి మీద పడ్డా ఆపకూడదు.

ఈ రోజుల్లో పెళ్ళికి పురోహితుడు ఒకడు, పెత్తనం వేరొకడిది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, అందరూ ఒక వీడియోగ్రాఫరుని వెంట తెచ్చుకుంటున్నారు. ఆ రోజూ అంతే. వరుడు తాళి ఎత్తేసరికి వీడియోవాడు పంతులుగారికీ కాలేషాకూ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. "ఆగండి, ఇటు చూడండి, నవ్వండి" అంటూ చెయ్యెత్తి దించాడు. మనుషుల సందులోంచి కాలేషాకు కనపడింది ఒక చెయ్యి. అది దిగింది. ఏళ్ళ అలవాటు, నోరు సన్నాయి వదిలేసింది. డోలు కూడా ఆగింది. పందిరంతా గప్‌చుప్‌గా అయిపోయింది. తాళి ఇంకా వరుడి చేతిలోనే ఉంది.

ఆ నిశ్శబ్దంలో ఎవరో తుమ్మారు.

వెంటనే మళ్ళీ మేళం అందుకున్నారు. ముళ్ళు పడ్డాయి, అక్షింతలు పడ్డాయి, జనం నవ్వుకుని భోజనాలకు లేచారు. ఏడాది తిరక్కుండానే జ్యోతిర్మయి పెట్టె పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. కొట్టారని కాదు, తిట్టారని కాదు, ఇద్దరికీ పొసగలేదంతే. "తుమ్మితే ఊడే ముక్కు ఉంటే ఎంత, ఊడితే ఎంత" అంది సైదాబీ ఆ కబురు విని. ఆవిడ మామూలు సామెతగా అన్నది, కాలేషాకు మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. తన సన్నాయి ఆగబట్టే కదా ఆ తుమ్ము బయట పడింది. రేపల్లె వెళ్ళి చూసి రమ్మని ఆవిడ పోరింది. ఇవాళ, రేపు అంటూ అతను దాటేశాడు.

ఆ తర్వాత జంపనిలో ఒక పెళ్ళికి దాసును రమ్మని కబురు పెడితే, వేరే ఒప్పందం ఉందన్నాడు. ఆ మీదట కబుర్లే లేవు. దాసు ఒక్క మాట అనలేదు. సన్నాయి నొక్కులైనా నొక్కలేదు. అదే కాలేషాను ఎక్కువ తినేసింది. కోపం ఉందని తెలిస్తే వెళ్ళి చేతులు పట్టుకోవచ్చు. లేదని తెలిస్తే ఎప్పటిలా వాడి కంచంలోనే తినొచ్చు. ఏదో తెలియనప్పుడు మనిషి ఏం చెయ్యాలి? కాలేషా ఏమీ చెయ్యలేదు. ఏళ్ళు గడిచిపోయాయి.

బాపట్లలో రోహిత్ గది గోడలకు బొంతలు వేలాడేసి ఉన్నాయి, బయటి చప్పుడు లోపలికి రాకుండా. సన్నాయి గట్టిగా మోగే వాయిద్యం కదా, రోహిత్ మైకును గదిలో ఆ మూలకు జరిపాడు. కాలేషా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాడు.

"ముందు ఒకసారి డోలు వినండి మాస్టారూ. తర్వాత మొదలుపెడదాం."

"వద్దు నాయనా. వాడూ నేనూ ముందు వినుకుని ఎప్పుడూ వాయించలేదు."

రోహిత్ అద్దం కిటికీ అవతలి చిన్న గదిలోకి వెళ్ళి మీట నొక్కాడు. చెవుల్లో డోలు మోగింది. దాసే. కుడిచేతి వేళ్ళకు కాస్త తొందర, ఎడమచేతి కర్రకు కాస్త బద్ధకం. కాలేషా కళ్ళు మూసుకుని అందుకున్నాడు. కాసేపటికి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. సన్నాయి ఊదేవాడు మనిషే కాబట్టి ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకోవాలి. ఆ చోటు జనానికి తెలియకుండా డోలు వచ్చి కప్పేయాలి. అది జత కుదిరినవాళ్ళ పద్ధతి. ఇక్కడ దాసు ఎప్పుడో, ఎక్కడో, ఒంటరిగా వాయించి వెళ్ళిపోయాడు. అయినా కాలేషా సన్నాయి దించిన చోట డోలు ఉరికి వచ్చి కప్పేసింది. పొరపాటున కలిసిందేమో అనుకున్నాడు. తర్వాతి చోటా వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది.

చిక్కల్లా ఏమిటంటే, దాసుకు తెలిసిన ఊపిరి అప్పటిది. ఇప్పుడు కాలేషాకు అంత దమ్ము లేదు. దాసు రాకముందే ఆయాసం వచ్చేసి, అక్కడక్కడా గాలి పీల్చుకోవాల్సి వచ్చింది. "ఆ ఆయాసం బావుందండి, యుద్ధంలో ఉంటుంది కదా" అని రోహిత్ అద్దం అవతల నుంచి బొటనవేలు చూపించాడు. కాలేషాకు అదేమీ పట్టలేదు. వాడికి నా మీద కోపం లేదు, ఉంటే ఇలా ఎందుకు కాస్తాడు అనుకుంటున్నాడు. గుండెల మీంచి ఏదో బరువు దిగుతున్నట్టే ఉంది.

ఎదురుగా పెట్టిన తెర మీద రాక్షసి సముద్రంలోంచి పూర్తిగా పైకి లేచింది. సరిగ్గా అక్కడ దాసు గట్టిమేళం కొట్టాడు.

కాలేషా వేళ్ళు బిగుసుకుపోయాయి. రోహిత్ మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. మళ్ళీ అదే చోటు రాగానే కాలేషా ఆగిపోయాడు. మూడోసారీ అంతే. డోలు మాత్రం ఏమీ ఎరగనట్టు చెవుల్లో హోరెత్తుతూనే ఉంది, పందిట్లో తాళి ఎత్తినప్పటిలా.

"ఆ ముక్క కష్టంగా ఉంటే వదిలేద్దామండి. వయొలిన్లతో నింపుకుంటాను" అన్నాడు రోహిత్ లోపలికొచ్చి.

"ఇక్కడ ఇలా కొట్టమని నువ్వు చెప్పావా?"

"లేదండి. బాగా గట్టిగా, వింటే పిచ్చెక్కేలా ఏదైనా కొట్టమన్నాను."

"కొట్టేటప్పుడు వాడి మొహం ఎలా ఉంది?"

"కళ్ళు మూసుకున్నారండి" అని కాసేపు నసిగాడు రోహిత్. "మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఆయనకి నడుం నెప్పేం లేదు. మీతో కలిసి కూర్చోను, విడిగా అయితే వాయిస్తానన్నారు."

కాలేషా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. కలిసి కూర్చోనన్నవాడు ఊపిరి ఎందుకు కాశాడు? కాసినవాడు ఆ మేళంతో ఎందుకు పొడిచాడు? పొడిచాడా, పిలిచాడా? ఎటు తిప్పి చూసినా ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ పొంతన కుదరలేదు. అయోమయంలో చెప్పులు కూడా తప్పు వేసుకుని, మెట్లు దిగాక రోహిత్ పిలిస్తే మార్చుకున్నాడు.

"రేపు చూద్దామా మాస్టారూ?"

"చూద్దాం నాయనా. ముందు ఒకణ్ణి అడగాలి" అని చెప్పి, తెనాలి రైలు కోసం స్టేషనుకు వెళ్ళకుండా బస్టాండుకు వెళ్ళి రేపల్లె బస్సెక్కాడు. సన్నాయి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, టికెట్టు కొడుతూ కండక్టరమ్మ, "పెళ్ళికా బాబాయ్?" అని అడిగింది.

"యుద్ధానికమ్మా" అన్నాడు కాలేషా. ఆవిడ నవ్వి ముందుకు వెళ్ళిపోయింది. అతను నవ్వలేదు. చెరుకుపల్లి దాటేదాకా ఏం అడగాలో కూడబలుక్కున్నాడు, దాటాక అంతా మర్చిపోయాడు. దిగి వెనక్కి వెళ్ళిపోదామని కూడా అనిపించింది. దాసు మొహం మీదే తలుపు వేస్తే ఇక ఈ జన్మకు వాడు లేనట్టే. అడగకుండా ఉంటే కనీసం తెలియకుండా అయినా బతకొచ్చు. కానీ చెవుల్లో ఆ డోలు ఇంకా ఆగలేదు.

దాసు తన ఇంటి వరండాలో డోలును నేల మీద బోర్లించి తోలు వార్లు బిగిస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. గేటు చప్పుడుకు తలెత్తి చూసి, లేచి కుర్చీ తెచ్చి వేశాడు. "కూర్చో అన్నా" అన్నాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మళ్ళీ వెళ్ళి డోలు దగ్గర కూర్చున్నాడు.

"గట్టిమేళం ఎందుకు కొట్టావురా?" అని అడిగాడు కాలేషా. బస్సులో అనుకున్న మాట ఇది కాదు.

"ఎక్కడ?"

"బాపట్ల పిల్లాడి యుద్ధంలో."

దాసు ఆలోచించాడు. "గట్టిగా కావాలన్నాడు. గట్టిగా అంటే మనకి ఇంకేం తెలుసన్నా?"

"నన్ను పొడవడానికి కాదా?"

దాసు చేతిలోని తోలువారు వదిలేసి అతని మొహంలోకి చూశాడు. నిజంగానే అర్థం కాలేదు వాడికి. అప్పుడు కాలేషా ఏళ్ళ తరబడి లోపల కుక్కుకున్నదంతా చెప్పాడు. వీడియోవాడి చెయ్యి, ఆగిపోయిన మేళం, తుమ్ము, పిల్ల తిరిగొచ్చేయడం, అన్నీ.  దాసు మధ్యలో ఒక్క మాట అడ్డు రాకుండా విన్నాడు.

"ఇన్నాళ్ళూ దాని గురించా అనుకున్నావు?" అన్నాడు చివరికి. "తుమ్ముకి కాపురాలు పోతాయా అన్నా? మేళం ఆగినట్టు కూడా నాకు గుర్తులేదు. నేను పిల్ల మొహమే చూస్తున్నా."

"అయితే నా మీద కోపం లేదురా?"

"ఉంది."

కాలేషా గ్లాసు నేల మీద పెట్టాడు.

"పిల్ల వచ్చేశాక ఈ వరండాలోకి రాని మనిషి లేడు" అన్నాడు దాసు. "ఏమైంది, తప్పెవరిది, మళ్ళీ పంపుతావా అని ఊరంతా వచ్చి అడిగిపోయింది. నేను తెనాలి బండి వచ్చే వేళకి చొక్కా వేసుకుని ఇక్కడ కూర్చునేవాణ్ణి. నువ్వొస్తే ఏమీ అడగవు కదా, ఊరికే పక్కన కూర్చుంటావు కదా అని. బండి వచ్చేది. రిక్షాలు, ఆటోలు ఇటే పోయేవి. చొక్కా విప్పేసి లోపలికి పోయేవాణ్ణి. చివరికి చొక్కా వేసుకోవడం మానేశా."

"నన్ను చూస్తే నీకు ఆ పెళ్ళే గుర్తొస్తుందనుకున్నాను. నీకు బాధ కదా అని..."

"బాధే" అన్నాడు దాసు. "అయినా రావాల్సింది."

 ఇన్నేళ్ళూ కాలేషా తను చెయ్యని తప్పును మోస్తూ తిరిగాడు. చేసిన తప్పు ఇక్కడ, ఈ వరండాలో, తన కోసం కూర్చుని ఉంది. దాసు మళ్ళీ తోలువారు అందుకున్నాడు. కాలేషా కుర్చీలోంచి లేచి, వెళ్ళి డోలుకు అవతలి వైపున నేల మీద కూర్చుని, కదలకుండా పట్టుకున్నాడు. ఇద్దరూ వార్లు బిగించారు. రోహిత్ యుద్ధం మాట ఇద్దరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం బడి నుంచి జ్యోతిర్మయి వచ్చింది. ప్రైవేటు బడిలో టీచరు ఇప్పుడు. చేతిలో నోటుపుస్తకాల కట్ట, భుజాన బ్యాగు. గేటు వేస్తూ తలతిప్పి చూసి, మొన్ననే వచ్చి వెళ్ళిన మనిషిని పలకరించినట్టు, "ఎప్పుడొచ్చారు పెదనాన్నా?" అని అడిగింది.

కాలేషాకు ఏడుపు ఆగలేదు.

"ఆలస్యంగా వచ్చానమ్మా" అన్నాడు.